జియాంట్4-డీఎన్‌ఏ: 25 డిగ్రీల నీళ్ళకి బంగారం, 300 డిగ్రీల నీళ్ళకి సగం సరుకు

ముందే చెప్పేస్తున్నా, ఇది ఫ్రీ సాఫ్ట్‌వేర్. ఎవరికీ దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు, లైసెన్స్ కొనక్కర్లేదు, కాబట్టి డబ్బులు దండగ అనే మాట ఈ రివ్యూలో రాదు. దండగైతే గియితే టైమే. రియాక్టర్ లోపల 300 డిగ్రీల వేడిలో, దాదాపు 155 బార్ ఒత్తిడిలో తిరిగే నీళ్ళ మీద గామా కిరణాలు, న్యూట్రాన్లు పడితే ఆ నీళ్ళు ఎలా విడిపోతాయో కంప్యూటర్లో లెక్కగట్టాలని ఎవరు కూర్చున్నా నాలుగు పేపర్లు తిరగేసేసరికి జియాంట్4-డీఎన్‌ఏ అనే పేరు తగులుతుంది. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పిల్లలు వచ్చి అడిగేదీ అదే, "సర్, ఇది ఇన్‌స్టాల్ చేసుకుంటే సరిపోతుందా?" అని. సరిపోదు. అలాగని పక్కన పెట్టేసేదీ కాదు. ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే ఈ సోదంతా.

దీన్ని ఎవరి కోసం కట్టారో తెలిస్తే బలమూ లోటూ రెండూ ఒక్కసారే తెలిసిపోతాయి. జియాంట్4 సెర్న్ చుట్టూ ఉన్న కణభౌతికం వాళ్ళు తమ డిటెక్టర్ల కోసం సీ ప్లస్ ప్లస్‌లో రాసుకున్న పెద్ద టూల్‌కిట్, మొదటి వెర్షన్ 1998 చివర్లో వచ్చింది. 2001లో యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ పూనుకుని, అంతరిక్షంలోకి వెళ్ళే మనుషుల ఒంట్లో రేడియేషన్ డీఎన్‌ఏని ఏం చేస్తుందో చూడాలని దానికి ఒక అనుబంధం మొదలుపెట్టించింది, తర్వాత ఆ బరువంతా ఫ్రాన్స్‌లోని బోర్డో బృందం మోస్తోంది. భౌతికశాస్త్రం భాగం 2007 చివర్లో 9.1 వెర్షన్‌తో బయటికొచ్చింది, రసాయనం భాగం రావడానికి ఇంకో ఏడేళ్ళు పట్టి 2014 చివర్లో 10.1తో వచ్చింది. ఇప్పటికీ డౌన్‌లోడ్ చేసి ఉదాహరణల ఫోల్డర్లు తెరుచుకుంటూ పోతే ఇవన్నీ 'మెడికల్' అన్న ఫోల్డర్‌లోనే కనిపిస్తాయి. మనిషి ఒళ్ళు 37 డిగ్రీలు, అంతకన్నా వేడి నీళ్ళతో వాళ్ళకి పనేముంది? రియాక్టర్ వాళ్ళ లెక్కలోనే లేదు, ఉండాలని మనం పట్టుబట్టడమూ న్యాయం కాదు.

సరే, అది చేసే పని మాత్రం అద్భుతంగా చేస్తుంది. ఒక ఎలక్ట్రాన్‌ని నీళ్ళలోకి వదిలితే, అది ఏ అణువుని తాకింది, అక్కడ అయనీకరణం జరిగిందా లేక అణువు ఉత్తేజం చెంది ఊరుకుందా, ఎంత శక్తి పోయింది అన్నది ఒక్కొక్క ఢీ చొప్పున, కొద్ది ఎలక్ట్రాన్ వోల్టుల దాకా వెంటాడుతుంది. మామూలు రేడియేషన్ కోడ్లు ఇలా చేయవు, చిన్నచిన్న ఢీలన్నీ ఒక ముద్దగా కలిపేసి సగటు నష్టం అని తేల్చేస్తాయి. ఆ తర్వాత, ఫెమ్టోసెకన్ల నుంచి పికోసెకను లోపు, దెబ్బతిన్న నీటి అణువులు హైడ్రాక్సిల్ రాడికల్‌గా (రాడికల్ అంటే ఒంటరిగా ఊరుకోలేక దొరికినదానితో కలిసిపోయే ముక్క), హైడ్రోనియం అయాన్‌గా, హైడ్రోజన్ పరమాణువుగా విడిపోతాయి, తప్పించుకున్న ఎలక్ట్రాన్ శక్తంతా పోగొట్టుకుని నీటి అణువుల మధ్య చిక్కుకుంటుంది, దాన్నే హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్ అంటారు. ఇవన్నీ కొద్ది నానోమీటర్ల మేర గుంపులుగా పుడతాయి, వాటిని స్పర్‌లు అంటారు. అక్కడి నుంచి మైక్రోసెకను దాకా ఆ గుంపులు విడిపోతూ, దారిలో ఒకదాన్నొకటి గుద్దుకుని హైడ్రోజన్, హైడ్రోజన్ పెరాక్సైడ్, మళ్ళీ నీళ్ళు అవుతూ పోతాయి. మైక్రోసెకను దాటి బతికినవే మిగతా నీళ్ళతో సంసారం చేసేవి. 100 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి ఏది ఎన్ని మిగిలాయన్నదే జీ-విలువ, ఈ రంగంలో అందరి వాదోపవాదాలూ ఆ అంకెల చుట్టూనే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నేరుగా 'కెమ్4' అనే ఉదాహరణకి వెళ్ళండి, ముందున్న మూడూ సరదాకి చూస్తే చాలు. కెమ్4 మాక్రో ఫైల్, అంటే ఆదేశాలు రాసి ఉండే ఫైల్, తెరిస్తే లోపల 'ప్రైమరీ కిల్లర్' అని భయపెట్టే పేరుతో రెండు లైన్లు ఉంటాయి, ఒకటి కనీస నష్టం, ఇంకోటి గరిష్ఠ నష్టం. వదిలిన ఎలక్ట్రాన్ ఒకటి రెండు వేల ఎలక్ట్రాన్ వోల్టులు పోగొట్టుకోగానే దాన్ని అక్కడితో ఆపేస్తుంది, ఆ చిన్న ముక్కలో పుట్టినవాటినే లెక్కపెడుతుంది. ఎందుకంటే ఎలక్ట్రాన్‌ని చచ్చేదాకా పరిగెత్తనిస్తే చివర్లో నెమ్మదించినప్పుడు దట్టంగా పడే దెబ్బలు కూడా కలిసిపోయి జీ-విలువ మారిపోతుంది, మనకు కావలసింది వేగంగా పోయే ఎలక్ట్రాన్ దారిలోని ఒక్క ముక్క. ఈ రెండు లైన్లు ఎందుకున్నాయో అర్థం చేసుకున్నవాళ్ళకి సగం సబ్జెక్టు వచ్చేసినట్టే, అర్థం కాకుండా అంకెలు మార్చి రన్ కొట్టేవాళ్ళు నా దగ్గరకే వస్తారు ఎలాగూ.

స్పీడ్ గురించి. మొదట్లో వచ్చిన పద్ధతిలో ప్రతి రాడికల్‌నీ అడుగు అడుగు కదిపి, ఎవరు ఎవరికి దగ్గరగా వచ్చారో ప్రతి అడుగుకీ చూసేవాళ్ళు, దాంతో మైక్రోసెకను చేరేలోపు ల్యాప్‌టాప్ ఫ్యాన్ హెలికాప్టర్ అయ్యేది. ఇప్పుడు ఐఆర్‌టీ అనే పద్ధతి ఉంది, అంటే రెండు రాడికల్స్ మధ్య దూరం చూసి అవి ఎప్పుడు కలుస్తాయో సంభావ్యత నుంచి నేరుగా ఒక టైము తీసేసుకుని, అందులో తక్కువ టైమున్న జతని ముందు కలిపేయడం. తేడా చిన్నదేం కాదు. కెమ్6 ఉదాహరణ దీనితోనే నడుస్తుంది, కణం దారిలో శక్తి ఎంత దట్టంగా పడితే దిగుబడులు ఎలా మారతాయో చూపిస్తుంది. రియాక్టర్ వాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే వేగమైన న్యూట్రాన్ నీళ్ళలో ప్రోటాన్లను లేపుతుంది, నీళ్ళలో కలిపిన బోరాన్-10 న్యూట్రాన్‌ని మింగి ఆల్ఫా కణాన్ని కక్కుతుంది, వీటి దారుల్లో రాడికల్స్ ఎంత దట్టంగా పుడతాయంటే బయటపడేలోపే ఒకదానికొకటి కలిసిపోయి హైడ్రోజన్, పెరాక్సైడ్ ఎక్కువ మిగులుతాయి. గామాకి వాడిన జీ-విలువల్నే ఆల్ఫాకి కూడా పెట్టేస్తే లెక్క అక్కడితో గోవిందా.

గది ఉష్ణోగ్రతలో మైక్రోసెకను దగ్గర ఇది ఇచ్చే దిగుబడులు ప్రయోగాలకు దగ్గరగానే ఉంటాయి. ఇక్కడిదాకా నా మార్కులు 5కి 4.5. ఆ అర మార్కు ఎందుకు తీశానో చివర్లో చెప్తా.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చాలామంది అనుకునేదేంటంటే ఎక్కడో ఒక చోట ఉష్ణోగ్రత అని రాసి ఉంటుంది, 298 కెల్విన్ తీసేసి 573 పెడితే రియాక్టర్ నీళ్ళు వచ్చేస్తాయని. నిజం చెప్పాలంటే కోడ్‌లో ఉష్ణోగ్రతకి తగ్గట్టు రియాక్షన్ రేట్లు సవరించే ఫంక్షన్లు ఉన్నాయి, లేవని కాదు. దీని మీదే కట్టిన టోపాస్-ఎన్‌బయో అనే ఇంకో ఉచిత ప్యాకేజీలో ఉష్ణోగ్రతతో మారే రేట్లు పెట్టి 20 నుంచి 90 డిగ్రీల దాకా జీ-విలువలు సరిచూశారు, ఆ పని బాగుంది కూడా. కానీ 90 డిగ్రీలు ఎక్కడ, 300 ఎక్కడ? మధ్యలో నీళ్ళు నీళ్ళలా ప్రవర్తించడం మానేస్తాయి.

మొదట సాంద్రత. 300 డిగ్రీల్లో, ఆ ఒత్తిడిలో లీటరు నీళ్ళు తూస్తే ముప్పావు కిలో కూడా ఉండవు, దాదాపు 0.72 కిలో. ఇది జియాంట్4లో ఒక్క లైనుతో మారిపోతుంది, నీళ్ళ పదార్థాన్ని కొత్త సాంద్రతతో కట్టుకోవచ్చు, దానికి వంక పెట్టను. కానీ ఢీల లెక్క వెనకున్న టేబుళ్ళు మాత్రం మామూలు ద్రవ నీటివే, సాంద్రత మారిస్తే అణువులు దూరం జరుగుతాయి అంతే, అణువు స్వభావం మారదు. రెండోది స్నిగ్ధత, 25 డిగ్రీల నీళ్ళతో పోలిస్తే 300లో పదో వంతుకి పడిపోతుంది, అంటే రాడికల్స్ అంతకంత వేగంగా స్పర్ నుంచి పారిపోతాయి. మూడోది డైఎలెక్ట్రిక్ స్థిరాంకం, 78 ఉండేది 20 దగ్గరికొస్తుంది, ప్లస్ అయాన్, మైనస్ ఎలక్ట్రాన్ ఒకదాన్నొకటి ఇంకా దూరం నుంచే లాక్కుంటాయి. నీళ్ళు తమంతట తాము అయాన్లుగా విడిపోవడం కూడా పెరిగిపోతుంది, దాన్ని కొలిచే పీకేడబ్ల్యూ అని మనం బడిలో బట్టీపట్టిన 14 కాస్తా 11.3 చుట్టుపక్కలకి దిగుతుంది, న్యూట్రల్ నీళ్ళ పీహెచ్ 7 కాదు, 5.6, 5.7 అలా. ఇవన్నీ ఒకేసారి, ఒకదానికొకటి ముడిపడి మారతాయి. ఒక అంకె మార్చి మిగతావి పాతవే ఉంచితే వచ్చే సమాధానం 25 డిగ్రీలదీ కాదు, 300దీ కాదు.

ఇంకా అన్యాయం రేట్ల దగ్గర జరుగుతుంది. వేడి పెరిగితే రియాక్షన్ వేగం పెరుగుతుంది, ఆరీనియస్ గీత గీసి పైకి పొడిగించు, అనేది ఇంటర్ నుంచి మనకు నూరిపోసిన సూత్రం. రెండు హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్లు కలిసి హైడ్రోజన్ ఇచ్చే రియాక్షన్ ఈ సూత్రాన్ని అస్సలు లెక్కచేయదు. దాదాపు 150 డిగ్రీల దాకా బుద్ధిగా పెరుగుతుంది, ఆ తర్వాత దబ్బున పడిపోతుంది. దీన్ని 25, 80, 120 డిగ్రీల దగ్గరి కొలతలతో 300కి పొడిగించినవాళ్ళకి హైడ్రోజన్ లెక్క ఏ దారిలో పోతుందో ఊహించుకోండి. హైడ్రాక్సిల్ రాడికల్ రియాక్షన్లు కూడా చాలావరకు ఇంతే, గీత వంగుతుంది. సాఫ్ట్‌వేర్ తప్పు కాదిది, దాని లోపల కూర్చోబెట్టిన టేబుల్ ఆ వేడికి రాసింది కాదు.

మరి ఆ వేడికి రాసిన టేబుల్ ఎక్కడుంది? ఉంది. కెనడా అణుశక్తి సంస్థ ఏఈసీఎల్ తరఫున ఎలియట్, అమెరికాలో నోటర్‌డామ్ రేడియేషన్ లాబొరేటరీకి చెందిన బార్టెల్స్ కలిసి 2009లో ఒక నివేదిక ఇచ్చారు, 20 నుంచి 350 డిగ్రీల దాకా మామూలు నీళ్ళ రియాక్షన్లు, రేట్లు, జీ-విలువలు అన్నీ 2008 నాటికి ఉన్న సమాచారం ప్రకారం. రియాక్టర్ నీళ్ళ మీద పనిచేసేవాళ్ళ బల్ల మీద ఇది ఉండాల్సిందే. దాని ప్రకారం 25 డిగ్రీల్లో హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్ 2.75, హైడ్రాక్సిల్ 2.81, హైడ్రోజన్ పరమాణువు 0.60, హైడ్రోజన్ అణువు 0.44, పెరాక్సైడ్ 0.71. అదే 300 డిగ్రీలకి వచ్చేసరికి ఎలక్ట్రాన్ 3.4, హైడ్రాక్సిల్ 5.7, హైడ్రోజన్ పరమాణువు 1.6, హైడ్రోజన్ అణువు 0.64, పెరాక్సైడ్ 0.27. ఒకసారి ఆ అంకెల వైపు నింపాదిగా చూడండి. హైడ్రాక్సిల్ రెట్టింపైంది, పెరాక్సైడ్ సగం కన్నా తగ్గింది. రాడికల్స్ గుంపులోంచి త్వరగా పారిపోతున్నాయి కాబట్టి రెండు హైడ్రాక్సిల్స్ కలిసి పెరాక్సైడ్ అయ్యే అవకాశం తగ్గింది, అది అర్థమవుతుంది. మరి అదే న్యాయం ప్రకారం హైడ్రోజన్ అణువు కూడా తగ్గాలి కదా, పెరిగిందేం? ఇక్కడే ఈ సబ్జెక్టు మజా. వేడి నీళ్ళలో హైడ్రోజన్ ఎక్కడి నుంచి వస్తోందన్న దాని మీద ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి, అందులో ముఖ్యమైనది హైడ్రోజన్ పరమాణువు నేరుగా నీటి అణువునే గుద్ది హైడ్రోజన్‌ని, హైడ్రాక్సిల్‌ని ఇచ్చే రియాక్షన్. చల్లటి నీళ్ళలో దీన్ని పట్టించుకోనక్కర్లేదు, 200 దాటాక పట్టించుకోవాలి, దాని రేటు ఎంతన్నదాని మీద పేపర్లలో కొట్లాటలే జరిగాయి.

ఎవరి సిములేషన్ అయినా నమ్మే ముందు నేను చేయించే చిన్న పరీక్ష ఒకటుంది, కాలిక్యులేటర్ చాలు. నీళ్ళలోంచే పుట్టాయి కాబట్టి క్షయకరణం వైపు ఉన్నవీ, ఆక్సీకరణం వైపు ఉన్నవీ సరిసమానం కావాలి: ఎలక్ట్రాన్, హైడ్రోజన్ పరమాణువు, హైడ్రోజన్ అణువుకి రెండింతలు ఒక పక్క, హైడ్రాక్సిల్, పెరాక్సైడ్‌కి రెండింతలు ఇంకో పక్క. పైన 25 డిగ్రీల అంకెలు కూడండి, 2.75కి 0.60, 0.88 కలిపితే 4.23, అటు 2.81కి 1.42 కలిపితే 4.23. సరిపోయింది. 300 దగ్గర కూడితే రెండు పక్కలా 6.3 చుట్టూ వస్తుంది, చివరి అంకె తేడా నేను కుదించి రాయడం వల్ల. జియాంట్4-డీఎన్‌ఏలో మీరు సొంతంగా రేట్లు మార్చి రన్ చేసినప్పుడు ఈ రెండు పక్కలూ కలవకపోతే ఏదో రియాక్షన్‌లో ఒక ఉత్పత్తి రాయడం మర్చిపోయారని అర్థం, వేరే ఏం వెతక్కండి.

అంత టేబుల్ చేత్తో ఎక్కించడం ఎలా అంటారా, ఒకప్పుడు సీ ప్లస్ ప్లస్ ఫైల్ తెరిచి మార్చి మళ్ళీ కంపైల్ చేయడం తప్ప దారి లేదు, కొత్త వెర్షన్లలో మాక్రో ఫైల్ నుంచే రియాక్షన్లు చేర్చే ఆదేశాలు, ఉన్న టేబుల్‌ని తెర మీద అచ్చు వేయించే ఆదేశం ఇచ్చారు. బాగుంది. అయినా వేగం మార్చినంత తేలిక కాదు మిగతాది, విస్తరణ గుణకాలు మార్చాలి, ఎలక్ట్రాన్ ఆగేదాకా పోయే దూరం ఆ వేడిలో ఎంతో ఆలోచించాలి, ఉత్తేజిత అణువు ఏ దారిలో ఎంత శాతం విడిపోతుందో చూసుకోవాలి. వేడి నీళ్ళకే, సూపర్ క్రిటికల్ నీళ్ళకే ఈ పనంతా ఏళ్ళుగా చేసినవాళ్ళు కెనడాలో షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు, జే-గెరాన్ బృందం, వాళ్ళ సొంత మోంటే కార్లో కోడ్‌తో, అంటే పాచికలేసినట్టు సంభావ్యతతో లెక్కగట్టే కోడ్‌తో. వాళ్ళ పేపర్లు పక్కన పెట్టుకోకుండా జియాంట్4-డీఎన్‌ఏని 300 డిగ్రీలకి లాగడం మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఇంకో పెద్ద సంగతి మిగిలే ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ ప్రధానంగా మైక్రోసెకను దాకా చూసే కళ్ళు. ఆ తర్వాతికి కూడా పోవడానికి లాటిస్ మీద, అంటే నీళ్ళని గళ్ళుగా విడగొట్టి, నడిచే పద్ధతి ఒకటి 2021లో వచ్చింది, అది మంచి మొదలే, కానీ రియాక్టర్‌లో నీళ్ళు గంటల తరబడి, రోజుల తరబడి చుట్టూ తిరుగుతుంటాయి. అక్కడ ఇంజినీర్‌కి కావలసిన ప్రశ్న వేరు: నీళ్ళలో ఆక్సిజన్, పెరాక్సైడ్ ఎంత నిలబడతాయి, ఎంత హైడ్రోజన్ కలిపితే అవి అణిగిపోతాయి. పెరాక్సైడ్, ఆక్సిజన్ ఉంటే లోహాన్ని తినేస్తాయి, స్టీలుకి పగుళ్ళు వస్తాయి, అందుకే ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్లలో కిలో నీళ్ళకి 25 నుంచి 50 ఘనసెంటీమీటర్ల హైడ్రోజన్ కరిగించి ఉంచుతారు, రష్యా తరహా రియాక్టర్లలో అమోనియా పోస్తే రేడియేషనే దాన్ని చీల్చి హైడ్రోజన్ ఇస్తుంది. ఆ హైడ్రోజన్ చేసే పని గొలుసుకట్టు. హైడ్రాక్సిల్ దాన్ని తగిలి నీళ్ళుగా మారి ఒక హైడ్రోజన్ పరమాణువుని వదులుతుంది, ఆ పరమాణువు పోయి పెరాక్సైడ్‌ని చీల్చి నీళ్ళు, ఇంకో హైడ్రాక్సిల్ ఇస్తుంది, అది మళ్ళీ హైడ్రోజన్ మీదకి. ఇలా తిరిగితిరిగి పుట్టిన పెరాక్సైడ్ పుట్టినట్టే నీళ్ళైపోతుంది. ఈ గొలుసు 1950ల్లోనే అమెరికా రేడియేషన్ రసాయన శాస్త్రవేత్త అలెన్ చెప్పాడు, ఇప్పటికీ రియాక్టర్ నీటి రసాయనం దాని మీదే నిలబడింది. లెక్క వేస్తే రియాక్టర్లో ఉంచేదానికన్నా చాలా తక్కువ హైడ్రోజన్‌తోనే గొలుసు పట్టుకుంటుంది, ఆ సరిహద్దు ఎక్కడన్నది మాత్రం ఇందాకటి హైడ్రోజన్ పరమాణువు, నీటి అణువు రియాక్షన్ రేటు మీద బాగా ఆధారపడుతుంది.

ఇది జియాంట్4-డీఎన్‌ఏ పని కాదు, అవకలన సమీకరణాల పని. ఒకప్పుడు దీనికి ఇంగ్లండ్‌లో హార్వెల్‌లో పుట్టిన ఫాక్సిమైల్, కెనడా చాక్ రివర్ వాళ్ళ మాక్సిమా-కెమిస్ట్ ఉండేవి, ఇప్పుడు పైథాన్ వచ్చినవాళ్ళకి అందులోని సైపై అనే లెక్కల లైబ్రరీ చాలు. ఒక్కటే జాగ్రత్త, అందులో అడగకుండా వచ్చే ఆర్‌కే45 పద్ధతిని మార్చకుండా పెడితే పికోసెకన్ల రియాక్షన్లు, గంటల రియాక్షన్లు ఒకే డబ్బాలో ఉన్నాయి కాబట్టి అది పాకుతూనే ఉంటుంది, తెల్లారినా తేలదు. బీడీఎఫ్ గానీ రాడావ్ గానీ పెట్టండి. జీ-విలువని మోల్స్‌లోకి మార్చేటప్పుడు 1 జీ అంటే జూలుకి 1.036×10⁻⁷ మోల్, డోస్ కిలోకి, గాఢత లీటరుకి, మధ్యలో 0.72 గుణించాలి, పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. ఆ గుణకారం మర్చిపోతే రేడియేషన్ వల్ల పుట్టేవన్నీ దాదాపు 40 శాతం ఎక్కువ చూపిస్తాయి, గ్రాఫ్ మాత్రం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, అదే ప్రమాదం.

మన దేశం వైపు నుంచి ఇంకో చిక్కు. మనవి ఎక్కువ భాగం భారజలంతో నడిచే రియాక్టర్లు, ఆ భారజలం మన మణుగూరు ప్లాంట్‌లోనూ తయారవుతుంది, ఇంధనం కట్టలు హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) నుంచి పోతాయి. మామూలు హైడ్రోజన్ బదులు బరువైన డ్యుటీరియం వస్తే రేట్లు మారతాయి, విస్తరణ మారుతుంది, జీ-విలువలు మారతాయి. జియాంట్4-డీఎన్‌ఏ రసాయనం టేబుల్ మామూలు నీళ్ళదే, భారజలానికి మీ టేబుల్ మీరే తెచ్చుకోవాలి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అనుకుంటున్నవి మామూలు నీళ్ళ ప్రెషరైజ్డ్ రియాక్టర్లు, వాటి మీద పని చేద్దామనుకునేవాళ్ళకి పైన చెప్పిన 2009 నివేదిక సూటిగా పనికొస్తుంది.

ఇన్‌స్టాలేషన్ గురించి రెండు ముక్కలు. లినక్స్, సీమేక్, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ అంటే భయం లేనివాళ్ళకి ఇబ్బంది లేదు, విండోస్ తప్ప తెలియనివాళ్ళకి మొదటి వారం టెన్షన్ తప్పదు. డేటా ఫైళ్ళు కూడా దింపుకోవాలి, వాటి దారి చెప్పకపోతే రన్ మొదలవకుండానే అరుస్తుంది. ఇదంతా వద్దనుకునేవాళ్ళ కోసం బోర్డో వాళ్ళు అన్నీ ముందే ఎక్కించిన వర్చువల్ మెషీన్ ఉచితంగా ఇస్తున్నారు, నేర్చుకునే దశలో దానితో కానిచ్చేయండి, మనం కంపైలర్‌తో కుస్తీ పట్టి సంపాదించే పుణ్యం ఏమీ లేదు. ఉదాహరణలు బాగా రాశారు, ఒక్కోదానికి చిన్న వివరణ ఫైల్ కూడా ఉంటుంది, కానీ రసాయనం భాగంలో ఏ రేటు ఏ పేపర్ నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే సోర్స్ కోడ్ దాకా పోవాల్సి వస్తుంది. ఇందాక తీసిన అర మార్కు దానికే.

ఇక 300 డిగ్రీలకి నా మార్కులు 5కి 2.5. న్యూట్రాన్ లేపిన ప్రోటాన్, బోరాన్ ఆల్ఫా దారులు ఎలా ఉంటాయో చూడ్డానికి, మీ సొంత టేబుల్‌తో స్పర్ ఎలా విచ్చుకుంటుందో పరీక్షించడానికి దీన్ని మించిన ఉచిత సరుకు నాకు కనపడలేదు. రియాక్టర్ నీళ్ళలో పెరాక్సైడ్ ఎంతో రేపటికల్లా చెప్పాలి అంటే మాత్రం దీని జోలికి పోకుండా నివేదికలోని జీ-విలువలు తీసుకుని సైపైలో పెట్టేయండి, సాయంత్రానికి గ్రాఫ్ వస్తుంది. రెండూ చేసే ఓపిక ఉన్నవాళ్ళు రసాయనం ఆప్షన్ ఏది పెట్టారో, వెర్షన్ నంబర్ ఎంతో ప్రతి గ్రాఫ్ మూలనా రాసుకోండి, ఆప్షన్1 నుంచి ఆప్షన్3కి వెళ్తే రియాక్షన్ల జాబితానే మారిపోతుంది, పోయిన సెమిస్టర్ గ్రాఫ్‌తో ఈ సెమిస్టర్ గ్రాఫ్ కలవడం లేదని నాకు ఫోన్ చేసే ముందు అది చూసుకోండి.